కొండనాలుక చెప్పిన కబురు

(ఉగాది సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మేము భాషాపండితులము కాము. మా తాతగారు 1920 దశకంలో శ్రీకాకుళం వైపు పల్లె విడిచి, మదరాసులో ఓడ ఎక్కి, పినాంగులో దిగి, బగాన్ దతో కొబ్బరితోటలో కూలిగా చేరారు. మా నాయనగారు ఆ తోటలోనే పుట్టారు. మాది మూడవ తరము. మేము బడిలో మలాయి, ఇంగ్లీషు చదువుకొని, ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు లెక్కలూ సైన్సూ చెప్పాము. నలభై దాటిన తర్వాత సంఘం వారి సాయంకాలపు తరగతిలో చిన్నపిల్లల పక్కన బెంచీమీద కూర్చొని అ ఆ లు దిద్దుకొన్నాము. కనుక మా మాటలో తప్పులుంటే పెద్దలు దిద్దాలి, పిల్లలు నవ్వుకోవాలి.

"మన పిల్లలు తెలుగు ఎందుకు నేర్చుకోవాలి" అన్న విషయం మీద మాట్లాడమని కార్యదర్శిగారు అడిగారు. ఈ ప్రశ్నకు పద్యాలు, పండుగలు, పూర్వీకుల ఋణము అని జవాబు చెప్పడం ఆచారం. అవన్నీ నిజమే. అయితే ఈ సాయంత్రం మేము ఆ జవాబును ఒక ఆసుపత్రిలో, ఆపరేషన్ గది తలుపు ముందు మొదలుపెడతాము. అక్కడ మేము ఒక తప్పు చేశాము. ఆ తప్పు ఈ సభలో ఒప్పుకోవాలని చాలా రోజులుగా అనుకొంటున్నాము.

2014లో మా పెద్దక్కకు పిత్తాశయంలో రాళ్ళు పడ్డాయి. ఆపరేషన్ చేయాలన్నారు. అక్క తోటబడిలో మూడో తరగతితో ఆగిపోయిన మనిషి. బజారులో బేరమాడేంత మలాయి వచ్చు. మనసులో మాట చెప్పాలంటే మాత్రం తెలుగే. అందుచేత ఆసుపత్రిలో దుబాసీ పని మాది.

ఆపరేషన్‌కు ముందురోజు మత్తు డాక్టరమ్మ వచ్చారు. నిద్రలో గురక వస్తుందా, కట్టుడు పళ్ళున్నాయా, కదిలే పళ్ళున్నాయా, ఇంతకు ముందు మత్తు ఇచ్చినపుడు ఇబ్బంది కలిగిందా అని వరుసగా అడిగారు. తర్వాత నోరు తెరవమన్నారు. అక్క కొంచెమే తెరిచింది. డాక్టరమ్మ తన వేళ్ళు అడ్డంగా పెట్టి చూశారు. మూడు వేళ్ళు పట్టవలసిన చోట రెండే పట్టాయి. "నోరు ఎందుకు తెరుచుకోవడం లేదు? ఎన్నాళ్ళనుంచి?" అని అడిగారు.

అక్క మావైపు తిరిగి తెలుగులో అంది: "రెండేళ్ళయింది తమ్ముడూ. అన్నం ముద్ద పెద్దది పట్టడం లేదు. ఆవకాయ తగిలితే నోరంతా నిప్పు పెట్టినట్టుంటుంది. వక్క వల్లేనని నాకు తెలుసు. ఆవిడతో మాత్రం చెప్పకు. పరువు పోతుంది."

మా నాయనమ్మ ఆకువక్కల పెట్టె అక్కకు వచ్చింది. పెట్టెతో పాటు అలవాటూ వచ్చింది. అక్క పెంచిన చేయి మాది. ఆమె "చెప్పకు" అంటే మాకు నోరు రాలేదు. డాక్టరమ్మతో, "పంటి నొప్పి అట, అందుకే తెరవలేకపోతోంది" అన్నాము. మూడు దశాబ్దాలు పిల్లలకు నిజం చెప్పమని బోధించిన నోటితోనే ఆ మాట అన్నాము.

ఆ చిన్న అబద్ధం ఏమి చేసిందో తెలియాలంటే ముందు మత్తు సంగతి కొంచెం తెలియాలి.

మత్తు డాక్టరు పని సూది వేసి నిద్ర పుచ్చి వెళ్ళిపోవడమని చాలామంది అనుకొంటారు. అది పనిలో చిన్న భాగం. పెద్ద ఆపరేషన్లలో నిద్రతో పాటు కండరాలు సడలే మందు కూడా ఇస్తారు. అప్పుడు రోగి తనంతట తాను ఊపిరి తీయలేడు. ఆ క్షణం నుంచి ఆ మనిషి ఊపిరి డాక్టరు చేతిలో ఉంటుంది. నోటిద్వారా శ్వాసనాళంలోకి గొట్టం వేసి, దానిగుండా ప్రాణవాయువు పంపుతారు. ప్రాణవాయువు అందకపోతే నాలుగైదు నిమిషాలలోనే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది.

అందుకే నిద్ర పుచ్చే ముందు మూడు నిమిషాల సేపు మూతిమీద మాస్కు పెట్టి స్వచ్ఛమైన ప్రాణవాయువు పీల్పిస్తారు. మనం పీల్చే గాలిలో అది 21 శాతమే. ఊపిరితిత్తులను దానితోనే నింపితే, గొట్టం వేయడం ఆలస్యమైనా కొన్ని నిమిషాలు నిలవ ఉంటుంది. కరవుకు ముందు గాదె నింపుకోవడం వంటిదే ఇది. స్థూలకాయులకు, గర్భిణులకు, చిన్నపిల్లలకు ఆ నిలవ త్వరగా తరిగిపోతుంది.

గొట్టం వేయడం ఎందరికో సులభంగానే జరుగుతుంది. కొందరికి మాత్రం గడ్డం వెనక్కు ఉంటుంది, మెడ వెనక్కు వంగదు, పళ్ళు ముందుకు వస్తాయి, గొంతులో గడ్డ ఉంటుంది, లేక నోరు తెరుచుకోదు. అప్పుడు స్వరపేటిక కంటికి కనబడదు. కనబడని దారిలో గొట్టం వేయబోతే అది అన్నవాహికలోకి పోవచ్చు.

నోరు తెరవకపోవడంలో రెండు రకాలున్నాయి. నొప్పివల్ల బిగుసుకొన్న దవడ, మత్తు ఎక్కి కండరాలు సడలగానే చాలావరకు తెరుచుకొంటుంది. వక్క నమలగా నమలగా నోటి లోపలి చర్మం గట్టిపడి, పాత తోలులా బిగిసిన నోరు అలా కాదు. ఆ మచ్చకు మత్తు ఎక్కదు. మేము "పంటి నొప్పి" అన్నందువల్ల డాక్టరమ్మ మొదటి రకమనుకొన్నారు. నిజం చెప్పి ఉంటే రెండవ రకమని తెలిసేది.

మర్నాడు పొద్దున్న అక్కను లోపలికి తీసుకుపోయారు. గంట దాటాక డాక్టరమ్మ బయటికి వచ్చారు. ముఖం పాలిపోయి ఉంది. ఆపరేషన్ చేయలేదన్నారు. నోరు వదులు కాలేదు, కెమెరా ఉన్న పనిముట్టుతో రెండుసార్లు ప్రయత్నించినా గొట్టం పోలేదు, గొంతుపైన కూర్చొనే మెత్తని మాస్కు పళ్ళ మధ్య దూరలేదు. అయితే మూతిమీద మాస్కుతో ఊపిరి మాత్రం అందుతున్నది. అందుచేత అక్కడితో ఆపి, కండరాల మందుకు విరుగుడు ఇచ్చి, అక్కను లేపేశామని చెప్పారు.

మా బావకు కోపం ఆగలేదు. "మత్తిచ్చి, కోయకుండా వెనక్కు పంపుతారా? కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టుంది!" అని తెలుగులోనే అరిచాడు. దానికి తర్జుమా చేయమని డాక్టరమ్మ మావైపు చూశారు. మేమూ కోపంగానే ఉన్నాము. చేతకాని డాక్టరు చేతిలో పడ్డామనుకొన్నాము. ఆ మాటే కాస్త మర్యాదగా ఇంగ్లీషులో అన్నాము. ఆవిడ జవాబు చెప్పలేదు.

రెండు రోజుల తర్వాత ఇంటికి పంపేటప్పుడు ఆవిడ ఒక ఉత్తరం ఇచ్చారు. బావ దాన్ని చింపబోతే మేము తీసుకొని చదివాము. అందులో ఒక వరుసలో "మల్లంపాటి 3" అని ఉంది. బావ అన్నాడు: "చూశావా! మన ఇంటిపేరు కూడా సరిగా రాయలేదు. ఈ మల్లంపాటి వారెవరు?"

ఆ ప్రశ్నకు జవాబు డాక్టరమ్మే చెప్పారు. అది రోగి ఇంటిపేరు కాదు, ఒక పరీక్ష పేరు. ఆంధ్రదేశంలో పుట్టి, గుంటూరులో వైద్యం చదివి, అమెరికాలో బోస్టను నగరపు ఆసుపత్రిలో మత్తు వైద్యులుగా పనిచేసిన మల్లంపాటి శేషగిరిరావు గారు ఆ పరీక్షను 1983లో ఒక ఆలోచనగా ప్రకటించారు. 1985లో 210 మంది రోగులను పరిశీలించిన ఫలితాలతో దానిని బలపరచారు. 1846లో ఈథర్ మత్తును బహిరంగంగా చూపి లోకాన్ని ఆశ్చర్యపరచిన బోస్టను నగరంలోనే, 139 సంవత్సరాల తర్వాత ఒక తెలుగువారి పేరు మత్తు శాస్త్రంలో నిలిచింది. ఈనాడు దేశదేశాల ఆసుపత్రులలో తెలుగు ఒక్క ముక్క రాని డాక్టర్లు కూడా రోజూ ఆ ఇంటిపేరు పలుకుతున్నారు.

ఆ పరీక్షకు యంత్రం అక్కరలేదు, ఖర్చు లేదు. రోగి నిటారుగా కూర్చొని నోరు బాగా తెరచి, నాలుక చాపాలి. "ఆ" అనకూడదు. మేము తరగతిలో నోరు తెరచి "ఆ" అనండర్రా అంటాము కదా, ఇక్కడ నోరు తెరవాలి గాని శబ్దం చేయకూడదు. డాక్టరు ఎదురుగా కూర్చొని కొండనాలుకను చూస్తారు. అది పూర్తిగా కనబడితే మొదటి తరగతి. నాలుక మొదలు అడ్డువచ్చి కొండనాలుక మరుగుపడిన కొద్దీ తరగతి పెరుగుతుంది, కష్టమూ పెరుగుతుంది. శేషగిరిరావు గారు మూడు తరగతులు చెప్పగా, 1987లో మరి ఇద్దరు వైద్యులు నాలుగవది చేర్చారు. ఈ ఒక్క పరీక్షతోనే అంతా తేలదు. కొండనాలుక కనబడినా కష్టం కావచ్చు, కనబడకపోయినా సులభం కావచ్చు. అందుకే మెడ, గడ్డం, పళ్ళు, గురక, పాత చరిత్ర అన్నీ కలిపి చూస్తారు.

ఆరోజు డాక్టరమ్మ మెల్లగా, "మీ అక్కగారు వక్క నములుతారా?" అని అడిగారు. అక్క ఏడ్చింది. ఏడుస్తూ తెలుగులో అంతా చెప్పింది. ఈసారి మేము ఒక్క మాట వడకట్టకుండా తర్జుమా చేశాము. చివర, "పంటి నొప్పి అన్నది మా సొంత మాట" అని కూడా చెప్పాము. ఆవిడ మమ్ము తిట్టలేదు. "ముందే తెలిస్తే మెలకువగా ఉండగానే గొట్టం వేసేవాళ్ళం" అని మాత్రం అన్నారు. ఆ మాట మాకు చెంపదెబ్బ కంటె గట్టిగా తగిలింది.

మరి ఆవిడ చేసినది చేతకానితనమా? కాదని మాకు తర్వాత తెలిసింది. ఇంగ్లండులో 2005 మార్చి 29న ఎలేన్ బ్రోమిలీ అనే 37 ఏళ్ళ ఇద్దరు బిడ్డల తల్లి, ముక్కులోని చిన్న ఆపరేషన్‌కు వెళ్ళింది. నిద్ర పుచ్చిన తర్వాత ఊపిరి దారి దొరకలేదు. అనుభవజ్ఞులైన డాక్టర్లే గొట్టం వేయడానికి మళ్ళీ మళ్ళీ ప్రయత్నించారు. కాలం గడిచిపోతున్న సంగతి వారికి తెలియలేదు. గొంతులో దారి చేసే సామగ్రిని ఒక నర్సు సిద్ధంగా తెచ్చింది, కాని ఆమె మాట ఎవరూ పట్టించుకోలేదు. ఎలేన్ మళ్ళీ మేల్కొనలేదు. 13 రోజులకు చనిపోయింది. ఆమె భర్త మార్టిన్ విమానం నడిపే పైలటు. ఆయన ఎవరినీ శిక్షించమనలేదు. విమానంలో ప్రమాదం జరిగితే ఏమి నేర్చుకోవాలని ఎలా విచారిస్తారో, ఇక్కడా అలా చేయమన్నారు. చిన్న ఉద్యోగి కూడా ధైర్యంగా మాట్లాడాలని, పెద్దవారు వినాలని ఆనాటినుంచి ఊరూరా చెబుతూ వచ్చారు.

ఈనాడు మత్తు వైద్యులు అనుసరించే పద్ధతి మెట్లు మెట్లుగా ఉంటుంది. బ్రిటిష్ వైద్యులు 2015లోను, భారతదేశపు వైద్యులు 2016లోను ఇలాంటి మెట్లనే వ్రాసి ప్రకటించారు. మొదటి మెట్టు, శ్వాసనాళంలో గొట్టం. దానికి లెక్కపెట్టిన కొద్ది ప్రయత్నాలే. రెండవది, గొంతుపైన కూర్చొనే మెత్తని మాస్కు. ఇది లండనులో ఆర్చీ బ్రెయిన్ అనే వైద్యుడు 1981లో మొదలుపెట్టిన ఆలోచన. మూడవది, మూతిమీద మాస్కుతో ఊపిరి అందించడం. అది అందుతూ ఉంటే, ఆపరేషన్ తొందర లేకపోతే, రోగిని లేపేయడం. ఏదీ అందకపోతే చివరి మెట్టు, మెడ ముందుభాగంలో కత్తితో చిన్న కోత పెట్టి నేరుగా శ్వాసనాళంలోకి దారి చేయడం. గొట్టం పోయిందా లేదా అన్నది కాదు ముఖ్యం, ప్రాణవాయువు అందుతున్నదా లేదా అన్నదే ముఖ్యం.

మా డాక్టరమ్మ ఆగవలసిన మెట్టు దగ్గర ఆగారు. ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అని గొట్టం పొడుస్తూ పోతే గొంతు వాచి, అందుతున్న ఊపిరి కూడా అందకుండా పోయేది. బావా మేమూ ఎవరిమీద అరిచామో ఆవిడే అక్కను ప్రాణాలతో మా చేతికిచ్చారు. మేము తర్వాత వెళ్ళి క్షమాపణ చెప్పుకొన్నాము. బావ అరటిపళ్ళ గెల పట్టుకొచ్చాడు.

రెండు నెలల తర్వాత అక్కకు రెండవసారి ఏర్పాటు చేశారు. ఈసారి మెలకువగా ఉండగానే ముక్కుకు, గొంతుకు తిమ్మిరి మందు చల్లి, చివర కెమెరా ఉన్న సన్నని వంగే తీగను ముక్కులోనుంచి మెల్లగా శ్వాసనాళం దాకా పంపి, దానిమీదుగా గొట్టం జార్చారు. అంతసేపూ అక్క తన ఊపిరి తానే తీసుకొంటోంది. గొట్టం కుదిరిందని తేలాకే నిద్ర పుచ్చారు. మమ్ము లోపలికి రానిచ్చి, అక్క చేయి పట్టుకొని తెలుగులో మాట్లాడుతూ ఉండమన్నారు. "ఊపిరి పీల్చు అక్కా, మెల్లగా వదులు అక్కా" అని చెప్పడమే మా పని. మేము నేర్చిన తెలుగు అంతటికీ ఫలం ఆ పది నిమిషాలలో దక్కింది.

తర్వాత అక్క వక్క మానేసింది. పుగాకు కలిసినా కలవకపోయినా వక్క క్యాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2004లో ప్రచురించింది. మానినంత మాత్రాన బిగిసిన నోరు మునుపటిలా కాదు. అక్క ఇప్పటికీ క్రమం తప్పకుండా పళ్ళ డాక్టరుకు చూపించుకొంటోంది. నాయనమ్మ పెట్టె మా ఇంట్లో ఉంది, అందులో ఇప్పుడు సూదులూ దారాలూ ఉన్నాయి.

ఇక్కడ తల్లులు భయపడవద్దని మనవి. బ్రిటన్ దేశంలో జరిపి 2011లో ప్రకటించిన పెద్ద పరిశీలనలో, ఊపిరి దారికి సంబంధించిన తీవ్రమైన ప్రమాదం సుమారు 22,000 మత్తులకు ఒకటిగా తేలింది. మత్తు నేడు చాలా సురక్షితం. దానిని ఇంకా సురక్షితం చేయడంలో ఇంటివారి వంతు కొంత ఉంది.

మొదటిది, డాక్టరు అడిగినది దాచవద్దు. గురక, వక్క, చుట్ట, కట్టుడు పళ్ళు, మెడకు చేసిన పాత చికిత్స అన్నీ చెప్పాలి. రెండవది, తినవద్దన్న వేళ తినవద్దు. అన్నం వంటి వాటికి ఆరు గంటల ఎడం కావాలి, మంచినీటికి రెండు గంటలు. పాలు పోసిన టీ మంచినీరు కాదు, అది అన్నం లెక్కలోకే వస్తుంది. "ఒక్క గుక్క ప్రసాదం" అని చాటుగా పోసే అత్తలకు మా ప్రత్యేక విజ్ఞప్తి ఇది. పొట్టలోనిది పైకి వచ్చి ఊపిరితిత్తులలో పడితే ప్రాణాపాయం. మూడవది, "ఊపిరి దారి కష్టం" అని డాక్టరు ఉత్తరం ఇస్తే దానిని ఇంటి పట్టాలా భద్రపరచండి, నకళ్ళు పిల్లలందరి దగ్గరా ఉంచండి.

నాలుగవది పిల్లలకు. 2022లో మా అక్క జారిపడి తుంటి విరగ్గొట్టుకొంది. రాత్రివేళ, వేరే ఊళ్ళో, కొత్త ఆసుపత్రి. మేము చేరడానికి మూడు గంటలు పట్టింది. మేము వెళ్ళేసరికి పదహారేళ్ళ మనుమరాలు, మన సాయంకాలపు తరగతి పిల్లే, తన ఫోనులోని ఆ ఉత్తరం డాక్టర్లకు చూపించి, అమ్మమ్మను తెలుగులో అడుగుతూ, వారికి చెబుతూ కూర్చొని ఉంది. "అమ్మమ్మా, ఏదీ దాచకు, నేను అంతా చెప్పేస్తాను" అంటోంది. వారు పూర్తి మత్తు మానుకొని, వెన్నులో సూదితో నడుము కింద మాత్రమే తిమ్మిరెక్కించి, అవసరమైతే కావాలని సన్నని కెమెరా తీగను పక్కన సిద్ధంగా పెట్టుకొని ఎముక సరిచేశారు. మేము చేయలేని పని ఆ పిల్ల చేసింది.

కార్యదర్శిగారి ప్రశ్నకు ఇదే మా జవాబు. మన ముసలివారు నొప్పిని తెలుగులోనే చెప్పుకొంటారు. వారి మాటను అటు మోసే దుబాసీ రేపు మీరే. కొండనాలుక, స్వరపేటిక, శ్వాసనాళం, అన్నవాహిక అన్న నాలుగు మాటలు వచ్చే వారం నుంచి మన తరగతిలో నల్లబల్లమీద వ్రాయబోతున్నాము. వాటితో పాటు ఒక నియమం కూడా వ్రాస్తాము: దుబాసీ తన మాట కలపకూడదు, ఎదుటివారి మాట దాచకూడదు.

 నూతన సంవత్సరం మీ అందరికీ ఆయురారోగ్యాలు ఇవ్వాలని కోరుకొంటూ సెలవు తీసుకొంటున్నాము. పిల్లలూ, ఇక నోరు బాగా తెరవండి. భోజనాలు సిద్ధం.